అంటురోగం వేళ పడవలు: తాడు విప్పే ముందు చూడవలసినవి

ఓర్వకల్లు: తాగునీటికే కటకటలాడే సీమలో పడవల ముచ్చట ఎందుకని ఎవరైనా అడగవచ్చు. కాని కర్నూలు నుంచి నంద్యాల పోయే జాతీయ రహదారి పక్కన, మన ఓర్వకల్లు రాక్ గార్డెన్‌లో, కోట్ల ఏండ్ల నాటి రాళ్ళ నడుమ నిలిచిన నీటిలో పర్యాటక శాఖ పడవ విహారం ఏర్పాటు చేసిన సంగతి అందరికీ తెలిసినదే. శ్రీశైలం పాతాళగంగలో, కృష్ణ ఆవలి ఒడ్డుకు పోయే రేవులలో, తుంగభద్రలో చేపలు పట్టే పుట్టిల మీద బ్రతికే కుటుంబాలు కూడా మన ప్రాంతంలో ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి శ్రీశైలం, నందికొట్కూరు వైపు ఊళ్ళు నంద్యాల జిల్లాకు పోయినా, ఏరు మాత్రం విడిపోలేదు.

ఈ పడవలన్నిటినీ ఒక్కసారిగా ఒడ్డుకు కట్టించిన కాలం ఒకటి మనం చూశాం. 2020 మార్చి 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్ అమలయింది. ఆ ఏప్రిల్ నెలాఖరుకు రాష్ట్రంలో కరోనా కేసులు ఎక్కువగా ఉన్న జిల్లాగా మన కర్నూలు పేరు పత్రికలకెక్కింది. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనా అత్యవసర పరిస్థితి ముగిసినట్టు ప్రకటించింది. అందరూ ఊపిరి పీల్చుకొన్నారు. మంచిదే. కాని అంటురోగాలకు ఇది చివరిదని చెప్పగల వైద్యుడు లేడు. 1918లో వచ్చిన ఇన్‌ఫ్లుయెంజా మన దేశంలో లక్షలాది ప్రాణాలు తీసింది. నూరేళ్ళకు కరోనా వచ్చింది. తిరిగి అట్టి రోగమే వస్తే పడవలను ఎప్పుడు కట్టాలి, ఎప్పుడు విప్పాలి, ఎట్లా విప్పాలి అనేదానికి ప్రతి రేవులోనూ వ్రాసిపెట్టిన జవాబు ఒకటి ఉండటం ఎంతైనా అవసరం. ఆ పనికి తగిన సమయం రోగం లేని ఈ సమయమే.

గండాలు రెండు

పడవకు అంటురోగం వేళ ఉండే గండం ఒకటి కాదు, రెండు. మొదటిది రోగం. రెండవది నీరు. రోగం భయంలో పడి నీటి భయాన్ని మరచిపోవడం, పడవలు తిరిగి మొదలుపెట్టే రోజున జరగగల పెద్ద పొరపాటు. టికెట్ల గది ముందు శానిటైజర్ సీసా వేలాడదీసి, జ్వరం చూసే యంత్రం నుదుట పెట్టి, నెలల తరబడి ఎండలో పడి ఉన్న పడవను అట్లాగే నీళ్ళలోకి తోస్తే ఆ జాగ్రత్తకు అర్థం లేదు.

నీటి గండం ఎట్టిదో మనకు కొత్తగా చెప్పనక్కరలేదు. 2007 జనవరిలో కృష్ణానదిలో, నెహ్రూనగర్ - మంచాలకట్ట రేవుల మధ్య పడవ మునిగి పదుల సంఖ్యలో జనం జలసమాధి అయ్యారు. 2017 నవంబరులో విజయవాడ దగ్గర పవిత్ర సంగమం వద్ద పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా మరణించారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద, పాపికొండలు చూడబోయిన డెబ్బై మందికి పైగా యాత్రికుల పడవ మునగగా ప్రాణాలతో బయటపడినవారు 26 మందే. ఈ చివరి ప్రమాదం జరిగిన ఆరు నెలలకే కరోనా వచ్చింది. ఒక గండాన్ని గురించి ఇంకా మాట్లాడుకొంటూ ఉండగానే రెండవ గండం వచ్చి మీద పడింది.

కచ్చులూరు ప్రమాదం తర్వాత, కరోనా నడుమనే, 2020 జూన్‌లో రాష్ట్రంలో తొమ్మిది చోట్ల పడవల రాకపోకలను కనిపెట్టే కంట్రోల్ రూములు ప్రారంభించారు. వాటిలో శ్రీశైలం ఒకటి. ఇది మెచ్చదగిన పని. అయితే చిన్న కుంటలకు, పల్లె రేవులకు కంట్రోల్ రూము ఉండదు. అక్కడ పడవ నడిపే మనిషి బుద్ధే కంట్రోల్ రూము. కనుక ఆ మనిషికి చేతిలో పెట్టుకొనే నియమం ఒకటి కావాలి.

ఇతరులు ఏం చేశారు?

తెడ్ల పడవ పందేలకు క్లబ్బులు పెట్టుకొన్న దేశాలు ఈ చిక్కును ముందుగా ఎదుర్కొన్నాయి. ఇంగ్లాండులో 2020 మే నెలలో ఆరుబయట వ్యాయామంపై ఆంక్షలు సడలగానే ఎనిమిది మంది కూర్చునే పెద్ద పడవలను దింపలేదు. మొదట ఒక్కరే నడుపుకొనే చిన్న పడవలు దింపారు. ఆ తర్వాత ఒకే ఇంటివారు కలసి నడిపే పడవలు. పెద్ద పడవలు చివరకు.

ఇందులో ఒక కిటుకు ఉంది. పందెపు పడవలో తెడ్లు వేసేవారు ఒకరి వెనుక ఒకరు కూర్చుంటారు. చుక్కాని పట్టే మనిషి మాత్రం వెనుక చివర, తెడ్డు వేసేవాని ముఖానికి ఎదురుగా, చేతికందేంత దూరంలో కూర్చుంటాడు. తెడ్డు బలంగా వేసేవాడు రొప్పుతాడు. రొప్పేవాని నోటి నుంచి వచ్చే గాలి మామూలుగా కూర్చున్నవాని కంటె ఎక్కువ. ఆ గాలి అంతా ఎదుటివాని ముఖానికే తగులుతుంది. అందుకనే పెద్ద పడవలు ఆలస్యమయ్యాయి.

ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాల మధ్య ఏటా జరిగే పడవ పందెం 2020లో రద్దయింది. 2021 ఏప్రిల్‌లో లండన్‌లోని థేమ్స్ నదిని విడిచి ఈలీ అనే చిన్న ఊరి వద్ద, ఒడ్డున జనం లేకుండా జరిపించారు. మన పొరుగున కేరళలో అలప్పుజ వద్ద జరిగే నెహ్రూ ట్రోఫీ పడవ పందేలను 2020లోను, 2021లోను జరపలేదు. 2022 సెప్టెంబరు 4న తిరిగి జరిపారు. ఒక్కొక్క పడవలో నూరు మంది దాకా భుజం భుజం రాసుకొని తెడ్లు వేసే పందెం అది. ఒడ్డున లక్షల జనం. అట్టిదానికి రెండేళ్ళు ఆగడమే సబబు. అదే సమయంలో మన దేశపు యువకులు అర్జున్‌లాల్ జాట్, అరవింద్ సింగ్ ఇద్దరూ సాధన సాగించి, ఒక ఏడు ఆలస్యంగా 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఇద్దరు నడిపే పడవ పోటీలో పదకొండవ స్థానం పొందారు.

దీనినిబట్టి తేలేది ఒక్కటే. పడవలన్నీ ఒకటి కావు. ఇద్దరి పడవ వేరు, నూరు మంది పడవ వేరు, ఒడ్డున చేరే గుంపు వేరు. అన్నిటికీ ఒకే తాళం వేయడమూ తగదు, అన్నిటికీ ఒకేరోజు తాళం తీయడమూ తగదు.

మన కర్నూలులోనే ఇందుకు ఒక ఉదాహరణ ఉంది. 2020 నవంబరు 20 నుంచి డిసెంబరు 1 వరకు తుంగభద్ర పుష్కరాలు కరోనా నడుమనే వచ్చాయి. నదిలో మునకలు వద్దని చెప్పి, ఘాట్ల వద్ద జల్లు స్నానాలకు ఏర్పాటు చేశారు. పుష్కరమంటే మునక అనుకొనే మన జనానికి ఇది రుచించలేదన్న మాట నిజమే. అయినా పుష్కరం ఆగలేదు. పద్ధతి మారింది. పడవల విషయంలో కూడా ఈ మధ్యే మార్గమే అనుసరణీయం.

రోగం పడవలో కంటె ఒడ్డునే ఎక్కువ

కరోనా మొదటి రోజుల్లో వీధి వీధికీ మందునీళ్ళు చల్లారు, అరుగులకు బ్లీచింగు పూశారు. పోను పోను వైద్యులు తేల్చినది ఏమంటే, ఈ రోగం ముఖ్యంగా ఊపిరి ద్వారా, గాలి ఆడని చోట వ్యాపిస్తుంది. నీటి మీద గాలికి కొదవ లేదు. నాలుగు సీట్ల తొక్కుడు పడవలో ఒకే ఇంటివారు కూర్చుంటే వారికి ఇంట్లో ఉన్న ప్రమాదం కంటె ఎక్కువ ప్రమాదమేమీ లేదు.

ప్రమాదం ఉన్నది ఎక్కడ? టికెట్టు కోసం ఒకరి మీద ఒకరు పడే వరుసలో. లైఫ్ జాకెట్లు ఇచ్చే ఇరుకు గదిలో. రేవుకు వచ్చే షేర్ ఆటోలో. ఏడుగురు పట్టే ఆటోలో పన్నెండు మందిని కుక్కి తెచ్చి, పడవలో మాత్రం దూరం దూరంగా కూర్చోబెడితే దాని వల్ల ఒరిగేది ఏమిటి? కనుక అదుపు చేయవలసింది ముందుగా ఒడ్డును. వేళలు వ్రాసిన టికెట్లు ఇచ్చి, ఒక్కొక్క అరగంటకు ఇంత మందే అని పరిమితి పెడితే వరుసలే ఉండవు. జాకెట్లను గదిలో గాక చెట్టు క్రింద ఇవ్వవచ్చు. దీనికి ఖర్చేమీ లేదు.

ఆవలి ఒడ్డుకు పోయే పల్లె రేవుల సంగతి వేరు. అక్కడ పడవ విహారం కాదు, అవసరం. పొలానికి, ఆసుపత్రికి, సంతకు పోయేవారు ఉంటారు. అట్టి రేవును పూర్తిగా మూసివేస్తే జనం ఆగరు. చీకటి పడ్డాక పాత పుట్టి ఎక్కి, జాకెట్టు లేకుండా దాటుతారు. కనుక విహారపు పడవను ముందుగా కట్టి చివరకు విప్పాలి. అవసరపు పడవను సగం మందితోనైనా, వేళ తప్పకుండా నడపాలి. సగం మందితో నడిపితే నష్టపోయే కిరాయిని పంచాయతీయో ప్రభుత్వమో భరించాలి. లేకుంటే సగం నియమం మూడు రోజులు కూడా నిలవదు.

తాడు విప్పే ముందు

నెలల తరబడి కదలని పడవను తిరిగి దింపే ముందు చూడవలసినవి కొన్ని ఉన్నాయి.

మొదట పడవ. మన సీమ ఎండకు ఫైబరు పడవ నెర్రెలు విడుస్తుంది. తొక్కుడు పడవల గొలుసులు, పెడళ్ళు త్రుప్పు పడతాయి. చెక్క పడవ ఎండితే పలకలు కుదించుకొని సందులు పడతాయి. నీళ్ళలో నానబెట్టి, కీలు వేసి, ఊట ఆగిందని చూసిన తర్వాతే మనుషులను ఎక్కించాలి. పుట్టికైతే అల్లిక వదులైందేమో, అడుగు కప్పు చినిగిందేమో చూడాలి. మొదట ఖాళీగా నడపాలి. తర్వాత ఇసుక మూటలు వేసి నడపాలి. ఆ తర్వాతే జనం.

రెండవది నీటి మట్టం. మన చెరువులు, కుంటలు ఏడాదిలో ఎన్ని రూపాలు మారుస్తాయో రైతులకు తెలుసు. శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. వేసవిలో నీరు తగ్గినప్పుడు సంగమేశ్వరాలయం బయటపడుతుంది, వానకాలంలో మునిగిపోతుంది. గుడినే దాచే నీరు ఒక రాయిని దాచలేదా? మూసిన రోజున ఉన్న నీరు విప్పిన రోజున ఉండదు. రాళ్ళ నడుమ పడవలు నడిపే చోట ఇది మరీ ముఖ్యం. లోతు గడకర్రతో కొలిచి, మునిగి ఉన్న రాళ్ళ వద్ద ఎర్ర జెండా కట్టించాలి.

మూడవది లైఫ్ జాకెట్టు. ఇక్కడే రెండు గండాలూ కలుస్తాయి. ఒకరు విడిచిన జాకెట్టును మరొకరు వేసుకోవాలంటే రోగం భయంతో జనం జంకుతారు. కొందరు భుజాన వేసుకొని కట్టు కట్టుకోరు. కట్టని జాకెట్టు నీళ్ళలో ఊడిపోతుంది. రోగం భయం వల్ల జాకెట్టు మానిన మనిషి నీటికి బలి అవుతాడు. ఇందుకు మందు సులువైనదే. జాకెట్లను రెండు జతలుగా విడదీసి వాటికి నంబర్లు వేయాలి. ఒక జత ఈరోజు, మరొక జత రేపు. వాడిన వాటిని సబ్బునీళ్ళతో ఉతికి, గాలి ఆడే నీడలో ఆరవేయాలి. బ్లీచింగు నీళ్ళలో ముంచితే గుడ్డ, పట్టీలు బలం కోల్పోతాయి. మండుటెండలో వేసినా అంతే. పిల్లల కొలతవి వేరుగా ఉండాలి. మడమ తిప్పకుండా పాటించవలసిన నియమం ఒక్కటే: జాకెట్టు కట్టు బిగించనిదే పడవ తాడు విప్పరాదు.

నాల్గవది మనిషి. పడవ నడిపేవారు నెలల తరబడి పనిలేక ఉంటే చేతి అలవాటు తప్పుతుంది. రోగం వచ్చి తగ్గినవారికి ఆయాసం కొన్నాళ్ళు వదలదు. జ్వరం తగ్గిన మర్నాడే తెడ్డు పట్టించడం ప్రమాదం. ఛాతీ నొప్పి, గుండె దడ ఉంటే వైద్యునికి చూపించి, కొద్ది కొద్దిగా పనిలోకి దింపాలి. టీకా వచ్చినప్పుడు బస్సు డ్రైవర్లతో పాటు పడవలవారి పేర్లు కూడా జాబితాలో చేర్చాలి.

మాస్కు సంగతి కూడా చెప్పాలి. ఒడ్డున, వరుసలో మాస్కు మేలు చేస్తుంది. నీళ్ళలో పడి తడిసిన మాస్కు మాత్రం ముక్కుకు అంటుకొని ఊపిరి ఆడనీయదు. అట్టి వేళ దానిని వెంటనే లాగివేయాలని ఎక్కే ముందే అందరికీ చెప్పాలి.

మునిగిన మనిషిని ముట్టుకోవడానికి జంకరాదు

కరోనా రోజుల్లో మనిషిని మనిషి ముట్టుకోవడానికి భయపడ్డాడు. శవం మోసేవారు కరవైన ఇళ్ళు ఉన్నాయి. కాని నీటిలో మునిగిన మనిషికి క్షణాలే గడువు. అతనికి ముందు కావలసింది ఊపిరి. తలక్రిందులుగా వేలాడదీసి, కడుపు నొక్కి నీళ్ళు కక్కించాలనే పాత అలవాటు మన పల్లెలలో ఇంకా పోలేదు. అది తప్పు. విలువైన సమయం దానితోనే పోతుంది. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, ఊపిరి లేదని తెలిసిన వెంటనే గడ్డం ఎత్తి, ముక్కు మూసి, నోటితో ఊపిరి ఊదాలి. ఆపై ఛాతీ నడుమ రెండు చేతులతో గట్టిగా ముప్పై సార్లు నొక్కి, రెండు సార్లు ఊదుతూ, 108 అంబులెన్సు వచ్చేదాకా సాగించాలి.

రోగం వేళ నోటితో ఊదడానికి భయం సహజమే. అందుకొరకే చేతితో పిసికి గాలి పంపే సంచి పరికరం ఒకటి ఉంటుంది. ప్రతి విహార రేవులో దానిని ఉంచి, ఇద్దరికి వాడకం నేర్పాలి. అది లేనప్పుడు ఇంటివారే ఊదవచ్చు. ఎవరూ లేకుంటే కనీసం ఛాతీ నొక్కడమైనా ఆపరాదు. రోగం వస్తుందేమోనన్న భయానికి, కళ్ళ ముందు పోతున్న ప్రాణాన్ని వదలివేయడం మానవత్వం అనిపించుకోదు.

ఓడ మల్లయ్య, బోడి మల్లయ్య

ఓడ ఎక్కేదాకా ఓడ మల్లయ్య, దిగాక బోడి మల్లయ్య అని మన పెద్దలు ఊరకే అనలేదు. పడవ కట్టివేయమని ఆజ్ఞ ఇవ్వడం సులువు. ఆ పడవ మీద బ్రతికేవాని పొయ్యి మీద కుండ ఏమైందో అడిగేవారు తక్కువ. రోజు కూలి మీద పడవ తొక్కించే కుర్రవాడు, రేవులో మరమరాలు, సోడాలు అమ్ముకొనే ఆడమనిషి, గుర్తింపు కార్డు లేని పుట్టివాడు ఏ జాబితాలోనూ కనబడరు.

దీనికి కేవలం జాలితో గాక, జనం క్షేమం కోసమే జవాబు వెదకాలి. కడుపు కాలినవాడు నియమం పాటించడు. మూసిన కాలానికి కొంతైనా భృతి దొరికితే, జ్వరం వచ్చినవాడు జ్వరం వచ్చిందని చెప్పి ఇంట్లో ఉంటాడు. లేకుంటే మాత్ర వేసుకొని, జ్వరం దాచి, తెడ్డు పట్టుకొంటాడు. అంటే అతని కూలి చెల్లించడం ఎక్కినవారి ఆరోగ్యానికి చెల్లించడమే. టికెట్ల రాబడిలో నుంచి మామూలు రోజులలోనే కొద్ది మొత్తం తీసి ఒక నిధిగా పెడితే గడ్డు రోజుల్లో అక్కరకు వస్తుంది. పొదుపు చేసి నిలబడటం ఎట్లాగో ఓర్వకల్లు ఆడపడుచులకు ఎవరూ నేర్పనవసరం లేదు. ఇక్కడి పొదుపు సంఘాల పేరు మండలం దాటి పోయింది. వారి పద్ధతిలోనే పడవలవారు కూడా సంఘం కట్టుకొంటే మంచిది.

ఒక్క కాగితం చాలు

రోగం పూర్తిగా పోయేదాకా పడవలు కట్టి ఉంచితే సరిపోదా అని కొందరు అనవచ్చు. కరోనా ప్రపంచ అత్యవసర పరిస్థితి మూడేళ్ళకు పైగా సాగింది. మూడేళ్ళు కట్టిన పడవ మళ్ళీ పడవగా పనికి రాదు. మూడేళ్ళు పనిలేని మనిషి ఊరు విడిచి పోతాడు. పోయిన రోగానికి ఇప్పుడు నియమాలెందుకని మరికొందరు అనవచ్చు. ఏరు దాటి తెప్ప తగలేసినట్టు ఉంటుంది ఆ మాట. మన ఓర్వకల్లు విమానాశ్రయాన్ని 2021 మార్చి 25న, కరోనా ఇంకా ఉండగానే ప్రారంభించారు. విమానానికి పద్ధతి వ్రాసుకోగలిగినవారు పడవకు వ్రాసుకోలేరా?

కావలసింది పెద్ద పుస్తకం కాదు, ఒక్క కాగితం. ఏ పడవ ముందు ఆగాలి, ఏది ముందు కదలాలి, ఎవరు పడవను పరీక్షించి సంతకం పెట్టాలి, జాకెట్లు ఎవరు ఉతకాలి, మూసిన రోజుల కూలి ఎవరు ఇవ్వాలి - ఈ ఐదింటికి తెలుగులో జవాబు వ్రాసి, చదువురానివారికి చదివి వినిపించి, రేవులో గోడకు అంటించాలి. పర్యాటక శాఖవారు, పంచాయతీ పెద్దలు, ఆరోగ్య కేంద్రం సిబ్బంది, ఆశా కార్యకర్త ఒకచోట కూర్చుంటే ఒక పూటలో తేలే పని ఇది. ఆ కూటమిలో తెడ్డు పట్టే మనిషికి కూడా ఒక కుర్చీ వేయాలి. నీటి సంగతి అతనికి తెలిసినంతగా మిగిలినవారికి తెలియదు.

గ్రామస్థులు కూడా తమ వంతు చేయవలసి ఉంది. జాకెట్టు అడిగి తీసుకోవాలి. ఎక్కువ మందిని ఎక్కిస్తే దిగిపోవాలి. జ్వరం ఉంటే విహారం మానాలి. అధికారులు, పెద్దలు ఈ విషయంపై వెంటనే శ్రద్ధ వహించి, మరొక రోగం తలుపు తట్టక మునుపే ఆ ఒక్క కాగితాన్ని రేవు గోడకు ఎక్కించగలరని ఆశిద్దాం.